చుక్కకాయ పులుపు

గురజాల
11 ఆగస్టు 2024

వాసంతీ,

ముందు నీ చెట్టు సంగతి చెప్పేస్తాను. లేకపోతే మిగతా ఉత్తరం చదవకుండా దాని కోసమే వెతుక్కుంటావు. కాసిందమ్మా, కాసింది.

నాలుగేళ్ళ కిందట నువ్వు డిగ్లీపూర్ నుంచి ఓడలో, రైల్లో, చివరికి మాచర్ల బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఆ జానెడు మొక్క ఇప్పుడు వంటింటి కప్పు దాటింది. అండమాన్ మొక్క పల్నాడు ఎండకి బతకదని అందరూ తేల్చేశారు. నేను వినలేదు. స్నానాల గది నీళ్ళన్నీ దానికే మళ్ళించాను. వేసవి మూడు నెలలూ గోనెపట్టాలు కట్టి నీడ పెట్టాను. ఇప్పుడు గుత్తులు గుత్తులుగా కాయలు, అయిదేసి పలకలతో, పసుపుపచ్చగా. అడ్డంగా కోస్తే చుక్క. నువ్వు చెప్పిన స్టార్ ఫ్రూట్ అనే పేరు ఇక్కడ ఎవరికీ పట్టలేదు. పుస్తకాల్లో అంబాణపు కాయ అని ఉందని నీ మేనకోడలు దీపిక కాలేజీ నుంచి చెప్పింది. మన వీధిలో మాత్రం అందరూ చుక్కకాయే అంటున్నారు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. నా ఫోన్ గేదెల కుడితి తొట్టిలో పడి చచ్చింది. మిరపనాట్లు అయ్యాక కొత్తది కొంటానన్నారు మీ అన్నయ్య. ఆయన ఫోన్లో నీతో మాట్లాడదామంటే స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటారు. నేనొక మాట అంటే ఆయన నాలుగంటారు. ఇక వదినా ఆడబిడ్డలం కష్టసుఖాలు చెప్పుకునేది ఎట్లా? అందుకని పోస్టాఫీసుకి పోయి పది కవర్లు కొనుక్కొచ్చాను. పదీ అయిపోయేదాకా నిన్ను వదలను.

మీ అన్నయ్య గోంగూర మానేశారు. ఉలిక్కిపడకు. ఒంట్లో వేడి చేస్తోందట. చింతపండు తగ్గించాం, టమాటా తగ్గించాం, ఊరగాయ జాడీలు అటకెక్కాయి. ఇవన్నీ తీసేశాక ఆయన కంచంలో ఇంకేం మిగులుతుంది? మొన్న మజ్జిగన్నం ముందు కూర్చుని, ఇది తిండా శిక్షా అని అడిగారు. సరిగ్గా అప్పుడే నీ చెట్టు కాపుకొచ్చింది. రెండు కాయలు ముక్కలు కోసి పప్పులో వేశాను. అచ్చం చింతకాయ పప్పులా పుల్లగా కుదిరింది. మనిషి మూడుసార్లు వేయించుకున్నారు. మా చెల్లెలు నా ప్రాణం నిలబెట్టిందని ఊరంతా చెప్పుకుంటున్నారు.

వేరే విశేషాలేం లేవు. అనిల్ కుమార్ గారినీ పిల్లలిద్దరినీ అడిగానని చెప్పు.

నీ వదిన
ఝాన్సీలక్ష్మి


డిగ్లీపూర్, ఉత్తర అండమాన్
24 ఆగస్టు

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివేసరికి పొయ్యి మీద కూర మాడిపోయింది. మా ఆయన కరెంటాఫీసు నుంచి ఆకలితో వచ్చి మాడుకూర తిని నిన్నే తిట్టుకున్నారు.

నీ చెయ్యి మంచిది వదినా. ఈ చెట్టు మన నేలది కాదు. సముద్రం అవతల, వాన వెలియని అడవుల్లో పుట్టిందట. మా పెరటి గోడ దాటితే ఇక్కడా అట్లాంటి అడవే. మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసకగా ఉంటుంది, బట్టలు ఆరనే ఆరవు. ఇంత తడిలో బతకాల్సినదాన్ని నువ్వు గురజాలలో కాయించావు.

పప్పులో రెండు ముక్కలు వేస్తే ఏం సరిపోతుంది? ఇక్కడ షుగరు ఉన్నవాళ్ళు పరగడుపున గ్లాసుడు రసం తాగుతారు, ఒళ్ళు చల్లబడుతుందంటారు. అన్నయ్యకి వేడి చేసిందంటున్నావుగా, రోజూ పొద్దున్నే నాలుగు కాయలు పిండి ఇవ్వు. నేను కూడా రోజూ ఉప్పూ కారం అద్దుకుని తింటాను. ఆరేళ్ళుగా ఒక్కరోజు మానలేదు.

ఇప్పుడొక మాట అడుగుతాను, నిజం చెప్పు. అన్నయ్య గోంగూర మానేయడమేమిటి? తన పెళ్ళిలో గోంగూర పచ్చడి వడ్డించలేదని పీటల మీద నుంచి లేచిపోబోయిన మనిషి. దీపిక పంపిన ఫోటో చూశాను. దవడలు లోపలికి పోయాయి, కళ్ళ కింద ఉబ్బి ఉంది. ఒక్క క్షణం అమ్మ ఆఖరి ఏడాది ఫోటో అనుకున్నాను. అమ్మ పోయి ఇరవై రెండేళ్ళయింది. కాళ్ళు ఉబ్బి, ముఖం ఉబ్బి, చివరికి నన్నే ఎవరమ్మా నువ్వు అని అడిగింది. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు. అప్పటి నుంచీ ఎవరికైనా కాస్త పాదం వాస్తే చాలు, ముఖం కూడా ఉబ్బిందేమోనని చూస్తాను.

అట్లాంటిదేమీ లేదని రాయి. నమ్ముతాను.

నీ
వాసంతి


గురజాల
8 సెప్టెంబరు

వాసంతీ,

నువ్వూ నీ భయాలూ. అట్లాంటిదేమీ లేదు, నమ్ము. ఎండలో తిరిగి నల్లబడ్డారు, అంతే. కళ్ళ కింద ఉబ్బంటావా, మధ్యాహ్నం నిద్ర ఎక్కువైంది. మొన్న పాతచెప్పులు కరుస్తున్నాయని ఒక సైజు పెద్దవి కొనుక్కొచ్చి, కొత్త పెళ్ళికొడుకులా టకటక తిరుగుతున్నారు.

నువ్వు చెప్పినట్టే రసం మొదలుపెట్టి ఎనిమిది రోజులైంది. నీ పేరు చెప్పేసరికి మారు మాట లేకుండా గటగటా తాగేస్తున్నారు. అయితే నీ మీద ఒక ఫిర్యాదు ఉంది. మూడు రోజుల నుంచి ఆయనకి ఎక్కిళ్ళు. పొద్దున రసం తాగిన రెండు గంటలకి మొదలై మధ్యాహ్నం దాకా వదలవు. వాసంతి తలుచుకుంటోంది అన్నాను. ఇప్పుడు ఇంట్లో ఇదే ఆట. ఎక్కిలి రాగానే, ఇదుగో డిగ్లీపూర్ నుంచి కబురొచ్చింది అంటారు. నిన్న నీ పేరు గట్టిగా పిలిస్తే ఒకసారి ఆగాయి కూడా.

భయపెడితే పోతాయని ఎదురింటి కృష్ణయ్య బాబాయి నిన్న వీధిలోనుంచి, "ఒరేయ్ కోటేశ్వరరావ్, నీ మిరపచేలో గేదెలు పడ్డయ్ రా" అని కేకేశాడు. ఆయన చెప్పులైనా వేసుకోకుండా వీధి చివరిదాకా పరిగెత్తారు. ఊరంతా నవ్వింది. ఎక్కిళ్ళు మాత్రం పోలేదు.

చక్కెర వేశాను, వాము నమిలించాను, ఊపిరి బిగపట్టించాను. రాత్రి అన్నం మొత్తం వాంతి చేసుకున్నారు. ఈరోజు మధ్యాహ్నం పడుకుని లేచి నన్ను చూసి, "అమ్మా, పొలానికి నీళ్ళు పెట్టారా?" అన్నారు. నిద్రమత్తు అనుకో. నవ్వొచ్చింది.

కాస్త తక్కువ తలుచుకో తల్లీ.

నీ వదిన
ఝాన్సీ


డిగ్లీపూర్
18 సెప్టెంబరు

వదినా,

ముందు లేచి వెళ్ళి ఇంట్లో చుక్కకాయలు ఎన్ని ఉంటే అన్నీ పారబోసి రా. రసం ఉంటే కాలవలో పొయ్యి. ఆ తర్వాత వచ్చి చదువు.

మా పక్కింటి ఆసియా ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. నీ ఉత్తరం నిన్న అందింది. కృష్ణయ్య బాబాయి గేదెల కేక సంగతి ఆసియాకి చెప్పి నవ్విద్దామనుకున్నాను. ఆమె నవ్వలేదు. రోజూ రసమా అని అడిగింది. అవునన్నాను. ఎక్కిళ్ళు రసం తాగాకే వస్తున్నాయా అంది. అవునన్నాను. మీ అన్నయ్యకి కిడ్నీలు ఎట్లా ఉన్నాయి అంది. బాగానే ఉన్నాయి, వేడి చేసిందంతే అన్నాను. చేతిలో టీ కప్పు కింద పెట్టేసింది.

రెండేళ్ళ కిందట ఇక్కడ ఒకాయన ఉండేవాడట. కిడ్నీలు పాడై మందులు వాడుతున్నాడు. ఎవరో చెబితే ఈ రసం రెండు గ్లాసులు తాగాడు. ముందు ఎక్కిళ్ళు. తర్వాత వాంతులు. తర్వాత మనుషుల్ని పోల్చుకోలేదు. తర్వాత ఫిట్స్. ఊళ్ళో డయాలసిస్ లేదు, ఓడ ఎక్కించేలోపే పోయాడట. కిడ్నీలు బాగున్నవాళ్ళకి ఇది పండు. పాడైనవాళ్ళకి విషం. ఇందులో ఉన్నదాన్ని ఒంట్లోనుంచి బయటికి పంపాల్సింది కిడ్నీలే. అవి పంపలేకపోతే అది మెదడుకి ఎక్కుతుందట. ఆసియా ఇదంతా చెబుతుంటే నేను నీ ఉత్తరంలో వరసలే చూస్తున్నాను. ఎక్కిళ్ళు. వాంతి. నిన్ను అమ్మా అని పిలవడం.

వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాను. పొలంలో ఉన్నానన్నాడు, మాటకీ మాటకీ మధ్య ఎక్కిళ్ళు. నీకు కిడ్నీ జబ్బు ఉందా అన్నయ్యా అని సూటిగా అడిగాను. "నాకేందమ్మాయ్, బండరాయల్లే ఉన్నా" అన్నాడు. ఒట్టు పెట్టు అన్నాను. అమ్మ తోడు అన్నాడు. పండు సంగతి మొత్తం చెప్పాను, తాగొద్దని బతిమాలాను. సరేలే, మీ వదినకి చెబుతాలే అన్నాడు. రాత్రి నుంచి మళ్ళీ చేస్తుంటే ఎత్తడం లేదు, దీపిక ఫోనూ కలవడం లేదు. చెప్పాడా? చెప్పి ఉంటే ఈ ఉత్తరం చించెయ్యి, పిచ్చిదాన్ని అనుకో.

అమ్మ తోడు అన్నాడు కాబట్టి సగం నమ్మాను. మిగతా సగం నన్ను కూర్చోనివ్వడం లేదు. చెప్పులు ఒక సైజు పెద్దవి కొన్నాడని రాశావు. పాదాలు పెరిగే వయసా వదినా ఆయనది?

ఆసియా చెప్పింది రాస్తున్నాను, బాగా చదువు. జబ్బు ఉన్నట్టయితే ఒక్కరోజు కూడా ఆగకండి. ఆసుపత్రిలో ఈ పండు పేరు చెప్పండి. చెబితేనే వాళ్ళకి తెలుస్తుంది. వెంటనే డయాలసిస్ చేస్తే బతుకుతారట.

ఈ పూటే స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. కవరు మీద ఎర్ర సిరాతో రాశాను.

వాసంతి


నరసరావుపేట
27 సెప్టెంబరు

వాసంతీ,

నిన్న ఫోన్లో నీకు బాగానే ఉన్నారని చెప్పాను. దీపిక పక్కనే ఉంది, మనసు విప్పలేకపోయాను. ఇప్పుడు ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇందులో నీకు కోపం వచ్చేవే ఉంటాయి. అన్నీ చదువు.

మీ అన్నయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. ఏప్రిల్లోనే తెలిసింది. గోంగూర, చింతపండు, టమాటా, కొబ్బరినీళ్ళు, ఊరగాయ వద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. నేను ఆ కాగితాన్ని వంటింటి తలుపుకి అంటించాను. ఒక్కటి కూడా తప్పలేదు. అందులో చుక్కకాయ లేదు. ఎందుకుంటుంది, ఈ చుట్టుపక్కల ఎవరి పెరట్లో ఉందని? ఇక్కడ పండేవాటి పేర్లే రాశాడు ఆయన. కాగితంలో లేదు కదా, పులుపు దొరికింది కదా అని నేను సంబరపడ్డాను.

నీకు చెప్పొద్దని మీ అన్నయ్య తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నారు. తెలిస్తే పరిగెత్తుకొచ్చి కిడ్నీ ఇస్తానంటుంది, దానికి ఇద్దరు చిన్నపిల్లలు అన్నారు. నువ్వు ఫోన్ చేసిన సంగతి నాకు చెప్పనే లేదు. చెబితే నాకు జబ్బని నీ దగ్గర ఒప్పుకున్నట్టవుతుందనుకున్నారో, పండు ఏం చేస్తుందిలే అనుకున్నారో. మర్నాడు కూడా నేను గ్లాసు ఇస్తే తాగారు.

ఇరవైమూడో తారీకు పొద్దున ఎక్కిళ్ళతోనే మంచం మీద నుంచి లేచారు. నన్ను ఎవరు నువ్వు అన్నారు. ఆ వెంటనే కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నారు. పళ్ళ మధ్య నాలుక పడి నెత్తురు. కృష్ణయ్య బాబాయి తన కారులో ఎక్కించాడు. గురజాల నుంచి నరసరావుపేట దాకా ఆయన తల నా ఒళ్ళో ఉంది, దారంతా ఎక్కిళ్ళే. ఒక్కో ఎక్కిలికి ఇదే ఆఖరిదేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. డాక్టరు రాగానే, ఈ వారం ఏం తిన్నారమ్మా అని అడిగాడు. నేను మజ్జిగన్నం అన్నాను.

అబద్ధం చెప్పాను వాసంతీ. జూన్లో పరీక్షలకి వచ్చినప్పుడు ఆయన నా వెనక దాచుకుని గోంగూర పచ్చడి తిన్నారని తెలిసి, ఇక్కడ రిపోర్టులిచ్చే కౌంటర్లో అమ్మాయి పదిమంది ముందు నన్ను నిలబెట్టి, మొగుణ్ణి నువ్వే చంపుకుంటావా అని అడిగింది. ఆ మాట నాలోనుంచి పోలేదు. పుల్లటి పప్పు పెట్టానంటే మళ్ళీ తిడతారని నోరు కట్టేసుకున్నాను. మళ్ళీ మళ్ళీ అడిగారు. మళ్ళీ మళ్ళీ మజ్జిగన్నమే అన్నాను. మెదడులో నరం తెగిందేమోనని స్కాన్ తీశారు. ఏమీ లేదు. రక్తంలో ఉప్పు తగ్గిందేమోనన్నారు, అదీ కాదు. మర్నాడు మళ్ళీ రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. గుంటూరు తీసుకుపోవాలేమో, ఆశ తక్కువ అన్నారు. అప్పుడు కూడా నేను చెప్పలేదు. అప్పటికి నాకు ఆ పండు మీద అనుమానం కూడా లేదు. తిట్ల భయమే.

ఇరవైఅయిదున పొద్దున కృష్ణయ్య బాబాయి నీ కవరు పట్టుకొచ్చాడు. పోస్టుమాన్ ఎర్ర సిరా చూసి ఆయన చేతిలో పెట్టాడట. ఈ వరండాలోనే చదివాను. చదివి, మడిచి, జాకెట్లో దాచుకున్నాను. అవును, దాచుకున్నాను. నా చేత్తో పిండి ఇచ్చిందే ఆయన్ని చంపుతోందని నా నోటితో ఎట్లా చెప్పను? దీపిక నన్ను జన్మలో క్షమిస్తుందా? కాసేపు అట్లాగే కూర్చున్నాను. లోపలి నుంచి ఎక్కిలి వినబడింది. లేచి డాక్టరు గదిలోకి పోయాను.

"మజ్జిగన్నం కాదండీ. ఇది పెట్టినా. మూడు వారాలపైన నా చేత్తోనే పెట్టినా" అని నీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. ఆయన చదివాడు, ఫోన్లో ఏదో వెతికి చూశాడు. నన్ను తిట్టలేదు. తిట్టడానికైనా ఆగకుండా లేచి పరిగెత్తాడు. గంటలో డయాలసిస్ పెట్టారు, మర్నాడు మళ్ళీ. నిన్న సాయంత్రం ఎక్కిళ్ళు ఆగాయి. ఆగినప్పుడు ఇంకా భయపడ్డాను, ఊపిరే ఆగిందనుకున్నాను. ఈ పొద్దున కళ్ళు తెరిచి, ఝాన్సీ అన్నారు.

నేను మొదటిరోజే నిజం చెప్పి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి. నీ తప్పేం లేదు, నువ్వు తెలియక చెప్పావు. నేను తెలిసి దాచాను.

ఇంకొకటి మిగిలింది. ఇదే అన్నిటికన్నా చెప్పలేనిది. ఏప్రిల్లో డాక్టరు స్కాన్ చూసి, కిడ్నీల నిండా నీటి బుడగలున్నాయి, ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే జబ్బు, మీ అమ్మగారిదీ ఇదే అయ్యుంటుంది అన్నాడు. తోడబుట్టినవాళ్ళుంటే వెంటనే పరీక్ష చేయించమన్నాడు. తోడబుట్టిందానివి నువ్వొక్కదానివే. అయిదు నెలలు నీకు చెప్పలేదు. నువ్వు ఆ కాయ రోజూ తింటానని రాసినప్పుడు కూడా, అది విషమని తెలియకపోయినా, నీ ఒళ్ళు చూపించుకోమని చెప్పాల్సింది. ఒట్టు గుర్తొచ్చి ఆగిపోయాను.

తినకు వాసంతీ. ఇకమీద ముట్టుకోకు. పరీక్ష చేయించుకో.

ఝాన్సీ


డిగ్లీపూర్
7 అక్టోబరు

వదినకి,

ఫోన్ చేసినప్పుడల్లా నేను ఎత్తకపోవడం నీకు అర్థమయ్యే ఉంటుంది. మీ ఇద్దరి గొంతులూ వినలేను.

అయిదు నెలలు. ప్రతి ఉత్తరంలో పాదాలు, ఉబ్బు, అమ్మ అని నేను ఏడుస్తుంటే, నువ్వూ నీ భయాలూ అని రాశావు. అది చదివి నేను నవ్వాను కూడా. చచ్చిపోయిన మనిషి మీద ఒట్టు పెట్టి ఆయన నాకు అబద్ధం చెప్పాడు. బతికున్న మనిషి మీద ఒట్టని నువ్వు నిజం దాచావు. రసం పొయ్యమని రాసింది నేనే కదా, ఆయనకేమైనా అయి ఉంటే నేను ఎట్లా బతికేదాన్నో ఒక్కరైనా ఆలోచించారా?

నువ్వు డాక్టరు గదిలోకి నడిచిన సంగతి చదివినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. అంతకు ముందు పేజీలన్నిటికీ కోపమే.

పరీక్ష చేయించుకోమంటున్నావు. ఆసియా రోజూ వచ్చి గుమ్మంలో నిలబడుతోంది. పిల్లలకి పరీక్షలు, ఇంట్లో పని అని తిప్పి పంపుతున్నాను. మా ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు. పొద్దున లేవగానే పాదం మీద వేలితో నొక్కి గుంట పడుతుందేమో చూసుకుంటున్నాను. నిన్న నీళ్ళు తాగుతుంటే ఒక్క ఎక్కిలి వచ్చింది. ఒక్కటే. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. చిన్నవాడు వచ్చి, అమ్మా ఎవరు తలుచుకుంటున్నారు అని అడిగాడు.

వాసంతి


డిగ్లీపూర్
20 అక్టోబరు

వదినా,

పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి స్కాన్ చేయించుకున్నాను. చీరలు కొనాలని మా ఆయనకి చెప్పి ఆసియాతో వెళ్ళాను.

ఉన్నాయి. రెండు వైపులా. డాక్టరమ్మ తెర మీద చూపిస్తూ ఇది ఒకటి, ఇది ఒకటి అని లెక్కపెడుతూ కొంతసేపటికి లెక్కపెట్టడం మానేసింది. కిడ్నీలు ఇప్పటికి పని చేస్తున్నాయట, కానీ తరుగుదల మొదలైందట. ఆరేళ్ళుగా ఆ కాయ తింటున్నానని చెబితే ఆమె మళ్ళీ ఒకసారి తెర వైపు చూసింది. అదృష్టవంతురాలివి అంది చివరికి. రిపోర్టు కాగితాల నకలు ఈ కవర్లో పెట్టాను, మీ డాక్టరుకి నీ బంధువులెవరివోనని చెప్పి చూపించు.

వదినా, నీతో మళ్ళీ మాట్లాడాలనిపించింది. నాకింకెవరున్నారు చెప్పడానికి? కానీ ఇది అన్నయ్యకి తెలియకూడదు. ఇప్పుడిప్పుడే లేచి కూర్చుంటున్నాడు. నాకూ ఉందని తెలిస్తే తట్టుకోలేడు. మా ఆయనకి కూడా నేనే నిదానంగా చెబుతాను. నువ్వు ఎవరితోనూ అనకు. నా మీద ఒట్టు.

వాసంతి


గురజాల
2 నవంబరు

వాసంతీ,

నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

ఉత్తరం రాగానే మీ అన్నయ్య మంచం దగ్గర కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివాను. నా మీద ఒట్టు అన్న మాట కూడా చదివాను. నన్ను తిట్టుకుంటావని తెలుసు, తిట్టుకో. మీ అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ నా నోటికి తాళాలు వేసుకుంటూ పోతే, నేను ఎవరి శవం ముందు నోరు తెరవాలి? నాకు ఇంక చేత కాదు.

చెట్టు నేనే కొట్టేశాను. నాలుగేళ్ళు సాకినదాన్ని. కిడ్నీలు బాగున్నవాళ్ళకి పెట్టొచ్చు, ఉంచమని కృష్ణయ్య బాబాయి అన్నాడు. ఎవరికి బాగున్నాయో ఎవరికి తెలుసు? పాపం, దాని అడవిలో అది ఉంటే దాని తప్పేముంది. గొడ్డలి పెట్టినప్పుడు ఏడ్చాను.

నేను అన్నం కలిపి పెట్టబోతే మీ అన్నయ్య ఒక్క క్షణం కంచంలోకి చూస్తారు. ఏమీ అడగరు, తినేస్తారు. ఆ చూపు పడ్డప్పుడల్లా నా చెయ్యి ఆగిపోతుంది. దానికి మందు లేదు, రోజులు గడవాలి.

కింద ఆయన రాస్తానన్నారు. పెన్ను ఇస్తున్నాను.

అమ్మాయ్,

అక్షరాలు వంకరగా ఉంటే కూడబలుక్కో.

అమ్మ తోడని అబద్ధం చెప్పా. తప్పే. ఏప్రిల్లో డాక్టరు చెప్పినప్పుడు నా సంగతి కన్నా ముందు నువ్వే గుర్తొచ్చావ్. పరీక్ష చేయించకపోతే నీకు లేనట్టే అనుకున్నా. ఊళ్ళో నలుగురికీ తగూలు తీర్చేవాణ్ణి, నా తెలివి అంతవరకే పనిచేసింది. ఆ మాట బయటికి రాకుండా ఉండటానికి, నువ్వు వద్దన్నాక కూడా మీ వదిన ఇచ్చిన రసం తాగా. మీ వదిన తన చేతిని తిట్టుకుంటోంది. ఆ గ్లాసు పట్టుకున్న చెయ్యి నాది.

వారానికి మూడుసార్లు నరసరావుపేట పోతున్నా. నా నెత్తురు గొట్టాల్లో తిరుగుతుంటే చూడలేక కళ్ళు మూసుకుంటా. మీ వదిన నిద్రపోయాననుకుంటుంది. నిద్ర కాదమ్మాయ్, భయం. యాభై రెండేళ్ళొచ్చినయ్, ఈ మాట ఎవరికీ చెప్పలా. నీకే చెబుతున్నా.

నీ కాగితాలు డాక్టరుకి చూపించా. మా చెల్లెలివని చెప్పా, బంధువులెవరివోనని చెప్పలా. నాకు లేనిది నీకుందన్నాడు. టైము. బీపీ చూసుకుంటా, మందులు వాడుకుంటే ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చన్నాడు. పిల్లలకి కూడా ఎప్పుడు చూపించాలో చెబుతానన్నాడు. అనిల్ కుమార్‌కి ఈరోజే చెప్పెయ్. రేపు అతనికి నేను ఫోన్ చేస్తా, చెప్పకపోతే నేనే చెబుతా.

అక్కడ ఒక్కదానివే పాదాలు నొక్కుకుంటా కూచోమాక. నాకూ భయంగానే ఉంది. ఓడెక్కి వచ్చెయ్.

మీ అన్నయ్య
త్రికోటేశ్వరరావు